పోర్టుబ్లెయిరు నుంచి రెండు గంటలే

నా పేరు లక్ష్మణమ్మ. వయసు నలభై రెండు. నరసన్నపేట బజారులో చేపలు అమ్ముతాను. భర్త పేరు కూర్మయ్య. స్టేషను రైటరుగారు ఆ పేరుకు ముందు ‘లేటు’ అని రాశారు. కొట్టేయించాను. ఈ రోజు, 2016 మార్చి నెలలో, మా పేటలో మధ్యాహ్నం పన్నెండింటికి నా మరిది గంగరాజును తెడ్డుతో కొట్టిన మాట నిజం. ఎందుకు కొట్టానో కూడా రాసుకోండి.

నా భర్త వేటకెళ్లాక పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. ఈ రోజు పదో రోజు. నా గాజులు, బొట్టు తీయాలని పెద్దలు నిర్ణయించారు.

ఉదయం ఎనిమిదింటికి నా కూతురు హేమ సెల్లు మోగింది. “ఒసే, పెద్దవల ఎండలోనే వదిలీసినావేటి?” అన్నాడు అవతలి మనిషి. పది రోజులు కనబడకుండా పోయి వల సంగతి అడిగేవాడు లోకంలో ఒక్కడే. డబ్బా పట్టుకొని తేలుతుంటే ఏదో ఓడవాళ్లు ఎక్కించుకొని నిన్న పోర్టుబ్లెయిరులో దింపారట. అక్కడున్న మనవాళ్లు విమానం టికెట్టు కొన్నారట. పదకొండున్నరకు బయలుదేరి సాయంత్రానికి ఇంటికొస్తానన్నాడు.

గంగరాజు నమ్మలేదు. “నాను ఓడలో ఎల్లొచ్చినోణ్ణి వదినా. మూడు రోజులు పట్టినాది. పొద్దున్న అక్కడున్నోడు సాయంత్రం గుమ్మంలోకెలాగొస్తాడు? ఎవుడో మోసగాడు,” అన్నాడు.

హేమ సెల్లులో చూసి, “పన్నెండొందల కిలోమీటర్లు బాబాయ్. ఇమానానికి రెండు గంటలే,” అంది.

“సముద్రం మీద కిలోమీటర్లేటే? గాలెలాగుంటే దారి అలాగ,” అన్నాడు.

గంగరాజు చెడ్డవాడు కాడు. అన్న కోసం రోజూ ఒడ్డున కూర్చుని ఏడ్చాడు. పదో రోజు కర్మ జరక్కపోతే అన్న ఆత్మ నీళ్లలోనే ఉండిపోతుందని అతని భయం. సాయంత్రం దాకా ఆగమని బతిమాలాను. గంగరాజు కానివ్వమన్నాడు. ఆడవాళ్లు నా ఎడమ చెయ్యి పట్టుకున్నారు, రెండు గాజులు పగిలాయి. కుడిచేతికి తెడ్డు దొరికింది.

ఇంతవరకు చెప్పేసరికి రెండైంది, హేమ సెల్లుకు ఫోను వచ్చింది. విశాఖలో దిగాడు. కారెక్కుతున్నాడు. నేను స్టేషనులోనే గట్టిగా నవ్వాను. ఎస్సైగారు వేలిముద్ర వేయమన్నారు. మా ఆయన వచ్చాకే వేస్తానన్నాను. తలకు కట్టుతో గంగరాజు కూడా బల్ల మీద కూర్చుండిపోయాడు.

ఐదున్నరకు నా భర్త స్టేషనుకే వచ్చాడు. గంగరాజు ముందు అన్న పాదాలు తిన్నగా ఉన్నాయా అని చూశాడు, తర్వాత మొహం ముట్టుకున్నాడు. “గాలెలాగున్నాదన్నా?” అన్నాడు, ఇంకేమీ తోచక.

“అద్దాలేసీసినారురా, తెలీలేదు,” అన్నాడు ఆయన. గంగరాజు చంటిపిల్లాడిలా ఏడ్చాడు. కేసు వద్దన్నాడు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధముందన్నవాళ్లు నా పక్కనున్న మనిషిని అడగవచ్చు.

లక్ష్మణమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షి సంతకం: కూర్మయ్య, పై లక్ష్మణమ్మ భర్త