కొండ దిగిన మోకాలు

ఆదివారం ఉదయం కొండ బాటలో సైకిల్ మీంచి పడి ఇంటికొచ్చిన భర్త వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాడు. భార్య అతని మోకాలికి దూదితో మందు అద్దుతోంది.

“అబ్బా, మంట! కాస్త మెల్లగా.”

“ఆ మెల్లగా ఏదో కొండ దిగేటప్పుడే దిగాల్సింది. గిటారన్నారు, కెమెరా అన్నారు. వాటితో కనీసం చర్మం లేచిపోలేదు.”

“గిటారు నీకోసమేగా మానేశాను!”

“నాకోసం కాదు, పక్కింటివాళ్ళ కోసం. ఈ సరదాల్లో పడి మొన్న అమ్మాయి స్కూల్లో మీటింగు కూడా మర్చిపోయారు. అసలేమైంది మీకు?”

“వచ్చే నెలకి నాకు నలభై ఎనిమిది నిండుతాయి.”

“అయితే?”

“మా నాన్నకి నిండలేదు. నేనూ ఏదీ సరిగ్గా నేర్చుకోకుండానే పోతానేమోనని...”

ఆమె చెయ్యి ఆగిపోయింది. దూది పక్కన పెట్టి సీసాకి మూత బిగించింది.

“రేపట్నుంచి నాకు సైకిల్ నేర్పండి.”

“నీకా?”

“నాకే. నాకు పూర్తిగా వచ్చేదాకా మీరెక్కడికీ పోవడానికి వీల్లేదు.”

“ఎన్నాళ్ళు పడుతుందేమిటి?”

“నేనసలే మహా మొద్దుని. ఓ ముప్ఫై ఏళ్ళు పట్టొచ్చు.”