వెండెల్ అడిగిన పాళ్ళు

రేపు రాష్ట్రస్థాయి పిస్టల్ పోటీ. నెబ్రాస్కాలోని తన గ్యారేజీలో అక్క తూటాల్లో తుపాకిమందు నింపుకుంటూ ఉంటే, తమ్ముడు కాఫీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"అక్కా, రేపు నీతో పోటీపడే ఆ వెండెల్‌కి నీ మందు పాళ్ళు చెప్పేశావట?"

"అడిగాడు, చెప్పాను."

"నిరుడు నీ తూటాల్ని తన బీరు ఐసులో దాచినోడికా? మందు చల్లబడి, తూటా వేగం కొలిచే పరీక్షలో అది చాలక నీకు సున్నా వేస్తే పగలబడి నవ్వినోడికా?"

"వాడికే."

"తప్పు పాళ్ళు చెప్పుంటావు. తుపాకీ పేలి చెయ్యి పోతే?"

"ఛ, నేను వాడేవే చెప్పాను. రవ్వంత తేడా లేదు. వాడి చేతులు వాడికుండాలి."

"మరి?"

"నా పిస్టల్ గొట్టం పొడుగు. అందులో పోటీకి కావలసిన వేగం బొటాబొటిగా వస్తుంది. వాడిది పొట్టి గొట్టం, అంత వేగం రాదు."

"ముందే కొలిచి చూసుకోడా?"

"ఎవరి పాళ్ళైనా సొంత తుపాకీలో కొలవందే పోటీకి తేకూడదని వాడికి నేర్పిందే నేను. కొలిచే ఓపికుంటే నా దగ్గరికెందుకొస్తాడు?"

"అయితే రేపు పరీక్ష కాగానే ఇంటికి పంపేస్తారు."

"పంపరు. కావాలంటే రోజంతా కాల్చుకోమంటారు. పాయింట్లు మాత్రం వెయ్యరు. నిరుడు నేను అలాగే కాల్చాను, సాయంత్రం దాకా."

"వాడి మొహం చూడాలనుంది."

"చూద్దువులే. ముందు మన ఐసు పెట్టె నింపు. వాడికి సున్నా పడగానే చల్లటి బీరు నా చేత్తో ఇవ్వాలి."