యల్లయ్య కేక

గిద్దలూరు బస్టాండు పక్కన కంప్యూటర్ దుకాణంలో, గురమ్మ కొంగుముడి విప్పి పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

“స్పీకర్లో పెడితే పలకట్లేదు నాయనా.”

“ఈ కంప్యూటర్ ఫార్మాట్ చెయ్యమంటాంది పెద్దమ్మా. చేస్తే ఉన్నదంతా పోతాది,” అన్నాడు దుకాణం కుర్రాడు.

“చెయ్యమాక.”

“ఉండు, ఆ పాతదాంట్లో విండోస్ కాదు, లినక్స్ ఉంది. ఇది సదవలేంది అది సదువుతాది ఒక్కోసారి.”

పాత కంప్యూటర్లో పెట్టగానే తెరుచుకుంది. “డుర్ర్... దా దా, నా తల్లీ, దా!” అని యల్లయ్య గొంతు దుకాణమంతా నిండింది. గురమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఎవరు పెద్దమ్మా?”

“మా ఇంటాయన. ఉగాది ముందు చచ్చిపోయినాడు. బతికుండంగా ఆయన కేకని మా అల్లుడు ఫోన్లో పట్టి దీంట్లో పెట్టినాడు. పొద్దుగూకినాక ఈ కేక ఇనపడందే గొర్రెలు దొడ్డికి రావు. నిన్న కొండలోనే ఉండిపోయినాయి.”

“నువ్వు పిలవకపోయినావా?”

“పిలిస్తి. తలెత్తి చూసి మళ్లా మేసుకున్నాయి.”

“సరే, కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినా. స్పీకర్లో పలుకుతాది. నీ ఫోన్లో గూడా ఎయ్యమంటావా? ఎప్పుడన్నా ఇనాలనిపిస్తే...”

గురమ్మ కొత్త పెన్‌డ్రైవ్‌ని కొంగున ముడేసుకుంది.

“నాకెందుకు నాయనా? నన్నెన్నడూ పిలవలేదాయన. నాతో పనిబడితే దగ్గేటోడు.”