బొమ్మ స్పష్టంగా ఉంది

రష్యాలో పనిచేసే కొడుకు పంపిన కొత్త టీవీని, ఉజ్బెక్ పట్టణం నమంగాన్‌లోని ఆ ఇంట్లో అత్తాకోడళ్లు టీ తాగుతూ పరీక్షిస్తున్నారు. పెళ్లై ఆరేళ్లయినా ఆ ఇంట ఉయ్యాల ఊగలేదు.

"బొమ్మ ఎలా ఉందే?"

"బాగుందత్తయ్యా. మరీ ఖరీదైంది కాకపోయినా రంగులు కళ్లకి గుచ్చుకోవట్లేదు."

"మాట?"

"కాస్త డబ్బాలోంచి వచ్చినట్టుంది. మనిద్దరికీ చాలు."

"మనిద్దరికే కదా, నా రాత. పసివాడుంటే వాడికి బొమ్మల సినిమాలు పెట్టేదాన్ని. సరే, వాడికి ఫోన్ చేసి బాగుందని చెప్పు."

"ఏమని పిలవను? మొగుడి పేరు నోట రాకూడదంటారు. ఫలానావాడి నాన్నగారూ అందామంటే ఆ ఫలానావాడు లేడాయె."

"లేనిది ఎవరివల్లో నీకు తెలీదూ?"

కోడలు రిమోట్ నొక్కింది.

"ఇటు చూడండి. ఆయన తన ఖాతానే ఇందులో పెట్టించారు. అక్కడ ఆయన ఇంట్లో చూసేవన్నీ ఇక్కడ వరసగా కనబడతాయి."

"కుందేళ్లు, ఎలుగుబంట్లు, రష్యన్ జోలపాటలు. వీడికిదేం పిచ్చే?"

"పైన రెండు పేర్లున్నాయి. ఒకటి ఆయనది. రెండోది పిల్లల కోసం పెట్టింది. ఆర్త్యోమ్ అని, రష్యన్ మగపిల్లాడి పేరు."

అత్తగారు టీ గిన్నె కింద పెట్టేసింది.

"కట్టెయ్యి. పక్కింటివాళ్లు వస్తారు."

"ఉండండి, ఫోన్ కలిసింది. హలో, ఆర్త్యోమ్ నాన్నగారూ, టీవీ అందింది. బొమ్మ చాలా స్పష్టంగా ఉంది. మీ అమ్మగారూ చూశారు."