డబ్బాలో గంధకం

“ఆ డబ్బాలో పొడి తిని కోళ్ళన్నీ ఒకేసారి పోతే ఏం కావాల్రా?”

సత్తెనపల్లి దగ్గరి కోళ్ళపాకలో దాణా కలుపుతున్న కొడుకు, తల్లి మాటకు నవ్వాడు.

“అది మిథియోనిన్ అమ్మా, దాణాలో కలిపే పోషకం. ఉత్త వేరుశనగ చెక్కలో అది చాలదు. అందుకే ఈకలు పీక్కుతింటున్నాయి. బరువు రాకపోతే ఈ బ్రాయిలర్లని ఎవరు కొంటారు?”

“అందులో గంధకం ఉందన్నావుగా?”

“గుడ్డులోనూ ఉంది. జనం తినట్లా?”

“నేను తిననుగా. అందుకే బతికున్నా.”

“సరేగానీ, డబ్బా ఏది?”

“మిరపతోటకి బూడిద తెగులొచ్చిందిరా. ఇక చేనంతా పోయినట్టే అనుకున్నా. గంధకం చల్లితే తగ్గుతుందిగా? పొద్దున ఆ డబ్బాలో పొడంతా చల్లించేశా.”

కొడుకు చేతులు దులుపుకుని లేచాడు.

“గుంటూరెళ్ళి ఇంకోటి తెస్తా. ఈసారి అందులో ఏముందో మాత్రం నీకు చెప్పను.”