సంవత్సరీకం అయ్యేదాకా

బెంజ్ సర్కిల్ దగ్గర సంతాన సాఫల్య కేంద్రం కింద ఉన్న టీకొట్టులో, నా వెనక బల్ల మీద నలభై దాటిన భార్యాభర్తలు కూర్చున్నారు.

“నేను బయటికొచ్చేశాక డాక్టరుగారు ఇంకేమన్నా చెప్పారా అండీ?”

“అదే మాట. నీ ఎగ్స్ దాదాపు అయిపోయినట్టేనంట. వేరే ఆవిడ ఎగ్ తీసుకుంటేనే ఆశ ఉందంట.”

“పోయినేడు డాక్టరుగారే నా వాటితోనే ప్రయత్నిద్దామన్నారు కదండీ.”

“అప్పుడే కదా నాన్న పోయింది. సంవత్సరీకం అయ్యేదాకా శుభకార్యాలేవీ తలపెట్టకూడదంది అమ్మ.”

“వైద్యం శుభకార్యమా అండీ?”

“నువ్వూ సరేనన్నావుగా.”

“అప్పటికి మావయ్యగారు పోయి నెల కూడా కాలేదు. కాదని ఎట్లా అంటాను?”

“ఇప్పుడేం చేద్దామంటావు? నాన్నే మనకి మళ్ళీ పుడతాడని అమ్మ ఎదురుచూస్తోంది.”

“పుడతారండీ. మీ రక్తమేగా, మావయ్యగారికి దారి ఉంది.”

“మరెందుకే ఏడుస్తావు? నీ కడుపునే కదా పెరిగేది.”

“మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నీకే పుడతానే అంది. మరి అమ్మకి దారేదండీ?”