గొలుసు ఉపవాసం

2009 డిసెంబరు 7, సోమవారం, ఉదయం పదకొండు గంటలు. ఎండ పలచగా ఉంది, గాలి లేదు. మన్సూరాబాద్‌లో తాను స్థాపించిన పెంతెకొస్తు బైబిల్ శిక్షణ పాఠశాలలో, ఏలూరు నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ కిటికీ తెర కొద్దిగా తొలగించి రోడ్డు వైపు చూశాడు. నల్గొండామె, హాస్టల్ వార్డెన్, గుమ్మంలో నిలబడి ఉంది.

“మన పిల్లల మెడల్లో ఆ దండలేంటి సిస్టర్?”

“కాలనీ పోరగాళ్ళు ఏసిన్రు అయ్యగారు. రోజుకు ఐదుగురు వంతులేసుకొని ఉపాసం కూసుంటున్నరు గద. తెలంగాణ కోసం రిలే దీక్ష అనుకుంటున్నరు.”

“అది మనం ఏటా చేసే గొలుసు ఉపవాసం, పాఠశాల కోసం ప్రార్థన అని చెప్పకపోయారా?”

“లోపట చేస్కుంటే ఎవరడుగుతరు? హాలుకు స్లాబు పోస్తున్నమని టెంటు రోడ్డు పక్కన ఏపిచ్చింది మీరే.”

“అయితే తీసేయించండి.”

“తీస్తే ఆంధ్రాయన దీక్ష చెడగొట్టిండంటరు. స్లాబు సంగతి తర్వాత, గోడలు గూడ ఉండయి.”

“ఉంచితే మా ఏలూరు చర్చి సంఘాలు ఊరుకుంటాయా? టీవీలో చూశారంటే ఇక పిల్లల్ని పంపరు. మన విద్యార్థుల్లో సగం మంది అక్కడివాళ్ళే.”

“టీవీవాళ్ళు గేటు కాడనే ఉన్నరు. మీకు గూడ ఒక దండ తెచ్చిన్రు.”

“వెనక గేటు?”

“కంకర పోసి మూసింది మనమే గద.”

ఆయన కిటికీ తెర మూసేశాడు.

“ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే?”

“కూసోండ్రి. ప్రార్థనే చేస్కోండ్రి, అండ్ల అబద్ధం లేదు. జర తల దించుండ్రి, దండ ఏస్తరు.”

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. మరుసటి జూన్‌లో ఏలూరు నుంచి ఒక్కరూ చేరలేదు. 2016లో ఆ పాఠశాలలో పట్టా తీసుకున్న పదకొండు మందీ నల్గొండ పల్లెలవాళ్ళే.